తరవాణి కుండ

తరవాణి కుండలోకి ఎప్పుడైనా తొంగి చూశారా? ఏం కనపడిందో చెప్పండి. పుల్లటి నీళ్ళు, నాలుగు మెతుకులు, అంతేగా? లూర్దుకీ అంతే కనపడింది.

లూర్దు, కన్యకల మఠం ఆసుపత్రిలో పురుళ్ళు పోయడం నేర్చుకుంటున్న సిస్టరు. నేర్పేది ఆగ్నేసమ్మ, ముసలి డాక్టరు. లూర్దుకి శుభ్రమంటే ప్రాణం. వచ్చిన ప్రతి గర్భిణికీ తనంతట తానే క్రిముల్ని చంపే మందు సీసా ఒకటి ఇచ్చి ఒకటే పాఠం చెప్పేది: "రోజూ దీంతో లోపలంతా కడుక్కోవాలి."

అందరికంటే బుద్ధిగా విన్నది రత్తాలు. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకి నిలిచిన కడుపు మరి.

ఏడో నెలలో ఉమ్మనీరు పోయింది. బిడ్డ దక్కలేదు.

"నేను చెప్పినవన్నీ చేసిందమ్మా. అయినా ఎందుకిలా?" లూర్దు ఏడ్చింది.

ఆగ్నేసమ్మ ఆమెని మఠం వంటింట్లోకి తీసుకెళ్ళింది. "ఈ తరవాణి కుండ కంపని గోల పెడుతుంటావుగా. నీ మందుతో కడిగి, గంజి వార్చి పోసిపెట్టు."

వంట మరియమ్మ లబోదిబోమంది. "నా తల్లే! మా అత్త ఇక్కడ వండిననాటి కుండ! ఆవిడే దాన్ని ఏనాడూ తోమలేదు, నువ్వు తోముతావా?"

లూర్దు తోమింది. మందులో నానబెట్టి మరీ కడిగింది.

రెండ్రోజులకి మూత తీసి ముక్కు మూసుకుంది. "పులవలేదమ్మా. కుళ్ళింది."

"పులుపే దానికి కాపలా. కాపలావాళ్ళని నువ్వే తరిమేశావు" అంది ఆగ్నేసమ్మ. "ఆడదాని లోపలా అలాంటి కాపలా ఉంటుంది, కంటికి కనపడదు. కడుపు నిలవాలన్నా, నెలలు నిండాలన్నా దాని అవసరం ఉంది. రత్తాలు బిడ్డ నీ మందువల్లే పోయిందని నేను ఒట్టెయ్యను. కాదనీ వెయ్యలేను."

మరియమ్మ కుండని వేడినీళ్ళతో కడిగి, పక్కింటి తరవాణి తెచ్చి పోసింది. "ఇది కోలుకుంటుందిలే" అని గొణిగింది.

లూర్దు నేరుగా రత్తాలు ఇంటికి నడిచింది.

రత్తాలు గుమ్మంలోకి వచ్చింది. మనిషి సగమైంది. లూర్దుని చూడగానే చేతులు జోడించింది.

"సిస్టరుగారూ, తప్పు నాదే. సరిగ్గా కడుక్కోలేదేమో. ఇప్పుడు రెండు పూటలా కడుగుతున్నా. సీసా అయిపోయింది, ఇంకొకటి తెచ్చారా?"

లూర్దు గడప దగ్గరే ఆ జోడించిన చేతుల్ని పట్టుకుని కిందికి దించింది.

శుభ్రం శుభ్రమని ఆడపిల్లల చెవుల్లో ఊదరగొట్టే పెద్దమనుషులారా, ఆ గడపలో మీరుంటే మొదటి మాట ఏమంటారు?