కొత్త వాలంటీరు

మౌలాలి దగ్గర విజిల్ ఉంది, తెల్ల టోపీ ఉంది, డబ్బా నిండా బ్యాడ్జీలున్నాయి. లేనిదల్లా ఆ బ్యాడ్జీలు పెట్టుకునే మనుషులే.

కొండ మీద దర్గాలో ఉండే ఖాదర్ తాతకు మౌలాలి శిష్యుడు. కొండ కింద నాపరాళ్ళ క్వారీల్లో పనిచేసేవాళ్ళ కాలనీ ఉంది. అక్కడి తల్లిదండ్రులకు ఆదివారం కూడా పనే. పిల్లలేమో క్వారీ గుంతల్లో నిలిచిన నీళ్ళలో ఈతకు దిగేవాళ్ళు. పోయినేడు ఒక పిల్లవాణ్ణి జుట్టు పట్టుకుని పైకి లాగాల్సి వచ్చింది. ఆ రోజే తాత మౌలాలిని పిలిచాడు.

"కాలేజీ పిల్లలు కల్వర్టు మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు కదా. వాళ్ళను కూడగట్టు. ఆదివారం ఆదివారం ఈ చిన్నోళ్ళను ఆడించండి, నాలుగక్షరాలు చెప్పండి. గుంతల వైపు పోకుండా ఉంటారు."

మొదట్లో ముప్పై మంది దాకా వచ్చారు. తర్వాత ఒక వారం ఒకరికి కడుపునొప్పి, ఇంకో వారం ఇంకొకరి మేనత్త పెళ్ళి. ఎండాకాలం వచ్చేసరికి నలుగురు మిగిలారు. ఆ నలుగురిలో ఒకడు మౌలాలి సొంత తమ్ముడు. వాడికి వేరే దారి లేదు.

మౌలాలి కొండెక్కాడు. తాత వసారాలో కూర్చుని చీపురుకు కొత్త తాడు కడుతున్నాడు.

"ఈ కాలం పిల్లల్లో సేవాభావం లేదు తాతా. ప్రతి వారం గంటసేపు సేవ గురించే చెప్తున్నాను. అయినా ఒక్కడూ నిలవడం లేదు. ఇక మూసేద్దాం."

"మూసేస్తే చిన్నోళ్ళు?"

మౌలాలి టోపీ తీసి దులుపుకున్నాడు.

తాత తాడు ముడి బిగించి, "వాలంటీర్లు తక్కువయ్యారంటున్నావు. నన్ను చేర్చుకుంటావా?" అన్నాడు.

"మిమ్మల్నా!"

"ఏం, ఎనభై దాటినోళ్ళను తీసుకోరా?"

ఆ ఆదివారం తాత అందరికంటే ముందే వచ్చి వరుస చివర నిలబడ్డాడు. మౌలాలి గురువు చొక్కాకు బ్యాడ్జీ పెట్టి, ప్రసంగం అందుకున్నాడు. మొదట గొంతు తడబడింది. "సేవ మూడు రకాలు" అనే చోటికి వచ్చేసరికి దారిలో పడింది. ఇక ఎదురుగా ఉన్నది ఎవరన్నదే మరిచిపోయాడు.

రెండో రకం నడుస్తుండగా తాత చెయ్యెత్తాడు.

"నీళ్ళు తాగొచ్చా నాయనా?"

"మూడోది అయ్యాక" అన్నాడు మౌలాలి. అనేసి నాలుక కరుచుకున్నాడు. తాత మాత్రం బుద్ధిగా చెయ్యి దించేశాడు.

కబడ్డీకి సున్నం గీత గీసే పని తాతకు పడింది. నడుం వంచి, గుప్పెడు గుప్పెడు సున్నం వదులుతూ ఆ చివరి దాకా గీశాడు. మౌలాలి వెనకే నడిచాడు. ఓర్చుకున్నాడు, ఓర్చుకున్నాడు, ఇక ఆగలేకపోయాడు. "కొంచెం వంకర పోయింది తాతా" అంటూ కాలితో చెరిపేసి తనే మళ్ళీ గీశాడు. తాత చేతులు దులుపుకుని పక్కన నిలబడ్డాడు.

తర్వాత పిల్లలకు కథ చెప్పమన్నారు. తాత ఒక మేక కథ ఎత్తుకున్నాడు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. కథలో మేక కాలు జారి బావిలో పడింది. సరిగ్గా అప్పుడే మౌలాలి విజిల్ ఊదాడు.

"కథల టైం అయిపోయింది. ఇప్పుడు పరిశుభ్రత."

"మేక ఏమైంది?" అని పిల్లలు గగ్గోలు పెట్టారు.

"వచ్చే వారం బయటికి వస్తుంది" అన్నాడు మౌలాలి.

సాయంత్రం ఆ రోజు లోటుపాట్లు చెప్పడం రివాజు. మౌలాలి అలవాటు కొద్దీ చెప్పుకుపోయాడు. సున్నం వృథా అయింది. కథ టైం మించింది. ఆ రెండూ ఎవరి తప్పులో తట్టేసరికి ఆలస్యమైపోయింది. తాత లేచి నిలబడి, "ఇకమీదట జాగ్రత్తగా ఉంటాను" అన్నాడు. వాలంటీర్లు నేల చూపులు చూశారు. డిగ్రీ చదివే షమీమ్ మాత్రం చున్నీ నోట్లో కుక్కుకుంది.

తరువాతి ఆదివారం తాత రాలేదు.

"కడుపునొప్పంట అన్నా. చెప్పమన్నాడు" అంది షమీమ్.

ఈ వయసులో ఎండలో నిలబెట్టాను, గురుద్రోహం చేశాను అనుకుంటూ మౌలాలి శొంఠి కషాయం కాచి, గిన్నె ఒలకకుండా కొండెక్కాడు. తాత వసారాలో మిరపకాయ బజ్జీ తింటున్నాడు.

"ఇప్పుడే తగ్గింది" అన్నాడు తాత. "ఒకటి తింటావా?"

కషాయం చివరికి మౌలాలే తాగాడు.

ఆ మరుసటి ఆదివారమూ తాత జాడ లేదు. షమీమ్ వచ్చి మొహం గంభీరంగా పెట్టుకుని నిలబడింది.

"తాత వాళ్ళ మేనత్త పెళ్ళంట అన్నా."

"ఎవరి మేనత్త?"

"తాత మేనత్త."

వెనకాల మౌలాలి తమ్ముడు కిసుక్కుమన్నాడు. ఆ వెంటనే అందరూ పగలబడి నవ్వారు. మౌలాలి చెవులు ఎర్రబడ్డాయి. టోపీ తీసి చంకలో పెట్టుకుని, విసవిసా కొండెక్కాడు.

తాత వేపచెట్టు నీడలో మంచం వాల్చుకుని పడుకున్నాడు.

"మీ మేనత్తకు పెళ్ళా తాతా?"

"అవును. పాపం, ఆలస్యమైంది."

మౌలాలి మంచం కోడు దగ్గర కూలబడ్డాడు. ఏడుపొస్తోందో నవ్వొస్తోందో అతనికే తెలియలేదు.

"నాతో అబద్ధం ఎందుకు తాతా? రానని ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"చెప్పొచ్చు. చెప్తే నువ్వు ప్రసంగం మొదలుపెడతావని భయం."

"అది ప్రసంగం కాదు తాతా. సేవ అనేది మొదటగా మన మనసులో..."

తాత పొట్ట పట్టుకున్నాడు. "అబ్బా" అన్నాడు సన్నగా.

మౌలాలి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. కాసేపటికి దాన్ని మూశాడు. చెట్టు మీద ఉడుత ఒకటి అరుస్తూనే ఉంది. చాలాసేపటికి మౌలాలి లేచి, తాత పాదాలు తాకి, దిగి వెళ్ళిపోయాడు.

కింద నుంచి గోల వినిపిస్తోంది. గుంతల వైపు పోయారేమోనని మౌలాలి పరుగు తీశాడు.

పిల్లలంతా మైదానంలోనే ఉన్నారు. తాత మేనత్త పెళ్ళి కబురు అప్పటికే కాలనీ అంతా పాకింది. మౌలాలి ఏమంటాడో చూద్దామని, మానేసి నెలలైన వాలంటీర్లంతా వచ్చేశారు. వచ్చినవాళ్ళు ఊరికే నిలబడలేక ఏడుపెంకులాట మొదలెట్టారు. ఎవరు ఏ జట్టో తెలియడం లేదు. అందరూ అరుస్తున్నారు. ఎవరూ ఎవరి మాటా వినడం లేదు. క్వారీ గుంతల గట్టు మీద ఒక్కరూ లేరు.

మౌలాలిని చూడగానే అరుపులు సద్దుమణిగాయి. వాలంటీర్లు ఒకరి వెనక ఒకరు నక్కారు. చిన్నోళ్ళు గబగబా వరుసలో నిలబడబోయారు.

"ఆపెయ్యమంటావా అన్నా?" అంది షమీమ్.

మౌలాలి చెయ్యి మెడలో విజిల్ దాకా పోయింది. అక్కడే కాసేపు ఉంది. ఆ తర్వాత తాడుతో సహా విజిల్‌ను చొక్కా లోపలికి తోసేశాడు.

"నాకేదైనా పని ఉంటే చెప్పమ్మా" అన్నాడు.

షమీమ్ అతని మొహం వైపు చూసింది. నిజంగానే అడుగుతున్నాడని తేలాక, చెయ్యి చాపి చూపించింది.

"బంతి ఆ ముళ్ళకంపలో పడిందన్నా. ఎవరూ దూరడం లేదు."

మౌలాలి దూరాడు. చొక్కా రెండు చోట్ల చిరిగింది, టోపీ కంపకు తగులుకుని అక్కడే ఉండిపోయింది. బంతి తెచ్చి ఇచ్చాడు. ఎవరూ థ్యాంక్స్ చెప్పలేదు. ఆట మొదలైపోయింది.