తీతువు ఇచ్చేసిన కూత

అనగా అనగా, తూర్పు సముద్రాలన్నీ దాటిపోతే చీనా దేశం. అక్కడ ఒక పనిమంతుడు ఉండేవాడు. అరచేతి పలకలో లోకమంతా ఇమిడ్చి ఫోను అనేవాడు. చేతికి కట్టే గడియారం చేత గుండె చప్పుడు లెక్క చెప్పించేవాడు. శనగగింజంత మర చెవిలో పెట్టి పాట వినిపించేవాడు. ఏం చేతులో తల్లీ అవి!

అతని ఫోన్లు మన దేశానికీ వచ్చాయి. "ఇక్కడివాళ్ల ఫోను ఇక్కడి గొంతుతోనే మోగాలి" అనుకొని, ఆ గొంతును వెతుక్కుంటూ తానే బయలుదేరాడు.

మొదట కోడిపుంజును అడిగాడు.

"అయ్యా, నా కూత పొద్దుది. వేళాపాళా లేకుండా కూస్తే రేపు పొద్దు నా మాట వింటుందా?" అంది పుంజు.

తరువాత నెమలిని అడిగాడు.

"నా కేక మబ్బుది. పోయి దాన్నే అడుగు" అంది నెమలి.

చివరికి ఏటి ఒడ్డుకి వచ్చాడు. అక్కడ గులకరాళ్ల మధ్య తీతువు పిట్ట కాపురం. మూడు పిల్లలు, అచ్చం రాళ్ల రంగు. తల్లి కూసిందంటే అవి నేలకి కరుచుకుని రాళ్లలో రాళ్లైపోయేవి. గద్ద పైన తిరిగి తిరిగి వెళ్లిపోయేది. ఆ పిల్లలకి గూడూ ఆ కూతే, గోడా ఆ కూతే.

జనానికి మాత్రం అది గిట్టదు. "ఛీ, పాడు పిట్ట! చావు కబురు తెచ్చింది" అని రాళ్లు విసిరేవారు.

"నీ కూత ఇస్తావా తల్లీ? ఇంటింటా మోగిస్తాను. అందరూ మెచ్చుకుంటారు" అన్నాడు పనిమంతుడు.

తీతువు కళ్లు చెమర్చాయి. "నన్నిక తిట్టరా? అంతకంటే నాకేం కావాలి!"

పుంజు పరుగున వచ్చింది. "తొందరపడకు చెల్లెమ్మా! ఆ కూత ఎవరిదో ఒక్కసారి ఆలోచించుకో."

"నీకేం అన్నా, నువ్వు కూస్తే ఊరు లేస్తుంది. నేను కూస్తే రాయి లేస్తుంది" అంది తీతువు. కూత ఇచ్చేసింది. గొంతు తన దగ్గరే ఉంది, కూత మాత్రం ఫోన్లన్నిటిలోకీ ఎక్కింది.

ఏట్లో బట్టలుతికే నూకమ్మ ఫోను ఆ కూతే కూసింది. పిల్లలు నేలకి కరుచుకున్నాయి. గద్ద లేదు. "ఎవర్రా? బువ్వ తిన్నావా?" అని నూకమ్మ కేక.

మేకల కాపరి ఫోను కూసింది. మళ్లీ కరుచుకున్నాయి. గద్ద లేదు.

ఇసక బండివాడి ఫోను కూసింది. ఈసారి పెద్దపిల్ల కదలనైనా కదలలేదు.

"ఎంత బాగుందో ఈ మోత!" అని జనం మురిశారు. తల్లీ మురిసింది.

ఒక మిట్టమధ్యాహ్నం నిజంగానే గద్ద దిగింది. తల్లి గొంతు చించుకుని కూసింది. చిన్నపిల్ల టక్కున నేలకి కరుచుకుంది.

"లేవవే పిచ్చిదానా, అది అమ్మ కాదు. నూకమ్మ ఫోను!" అని నవ్వింది పెద్దది.

అక్క మాటే కదా అని చిన్నది లేచింది. గద్ద దాన్నే తన్నుకుపోయింది.

తీతువు కూస్తే చావొస్తుందని జనం అనేవారు. ఆ రోజు ఆ కూతను నమ్మక వచ్చింది చావు.

కొన్నాళ్లకి పనిమంతుడు సంబరంగా వచ్చాడు. "తల్లీ, ఏ ఊరు పోయినా నీ కూతే!"

"నా కూత నాకిచ్చెయ్యి నాయనా" అంది తీతువు.

సంగతి విని అతను రాళ్లమీదే కూలబడ్డాడు. "ఇకమీద చేసేవాటిలో తీసేస్తాను. ఇళ్లకి చేరినవాటిని ఎట్లా ఏరుకొచ్చేది తల్లీ? లోకాన్ని పలకలో పెట్టాను గానీ, పోయినవాళ్లని వెనక్కి పిలిచే విద్య నాకు రాదు."

పుంజు వచ్చింది. రాత్రంతా తీతువు పక్కనే కూర్చుంది. వేళకి కూసింది. పొద్దు ఎప్పటిలాగే పొడిచింది.

తీతువు మళ్లీ కూయలేదు. గద్ద నీడ పడితే పరుగెత్తి, పిల్లను ముక్కుతో నేలకి నొక్కేది. ఒకదాన్ని నొక్కి రెండోదాని దగ్గరికి పోయేలోగా ఆ తల్లి గుండె ఎట్లా కొట్టుకునేదో, చీనా గడియారం కూడా చెప్పజాలదు.

మనవాళ్లను కాచే మాటను మెప్పుకోసం లోకానికి పంచిపెడితే, ఆపదవేళ అది మనవాళ్ల చెవికే ఎక్కదు.