రాళ్ల మీద తీతువు

ఏది కట్టినా చూసినవాళ్లు ఆగి నిలబడిపోవాలి. చెన్నవీరయ్యకు ఉన్న చిక్కు అదొక్కటే.

తాతల నాటి నుంచి గుళ్లూ మంటపాలూ కట్టిన వంశం వాళ్లది. ఉలి వదిలిపెట్టి నల్లమల అడవిలో రాచోటి స్వామి దగ్గర శిష్యుడిగా చేరాడు గానీ, చేతుల్లోని ఆ పట్టింపు మాత్రం పోలేదు.

ఆశ్రమం అంటే పెద్దగా ఏమీ లేదు. ఒక పాక, ముందు ఒక మద్ది చెట్టు, దిగువన వాగు. స్వామీ, చెన్నవీరయ్యా కాక సిద్ధలింగం అనే ముసలి శిష్యుడు ఒకడు ఉండేవాడు. ఆ వేసవిలో పెద్ద గాలి లేచి పాక కాస్తా కూలిపోయింది. అప్పటికే సిద్ధలింగం జ్వరంతో పడి ఉన్నాడు. అతన్ని చాపతో సహా ఎత్తి తెచ్చి చెట్టు కింద పడుకోబెట్టారు. మద్ది ఆకు రాల్చి ఉంది. కొమ్మల నీడే నీడ.

స్వామి చెన్నవీరయ్యను పిలిచి, "సిద్ధలింగానికి ఎండ తగలకుండా చూడు నాయనా" అని చెప్పి, తాను వేళ్లూ ఆకులూ తెచ్చి కషాయం కాచే పనిలో పడ్డాడు.

చెన్నవీరయ్య ఆ రోజే గుంజలు పాతి, పైన మోదుగ కొమ్మలు పరిచాడు. దూరం జరిగి చూసుకుంటే పందిరి ఒక పక్కకు ఒరిగినట్టుంది. తన చేతి పని అలా ఉండటమేమిటనిపించి, తనే పీకేశాడు. మంచి వాసాలు తెస్తానని అడవిలోకి వెళ్లాడు.

అక్కడ పిట్టల గూళ్లు అతన్ని పట్టేసుకున్నాయి.

ఒక పొదలో కుట్టుపిట్ట రెండాకుల అంచులు దగ్గరికి లాగి, ముక్కుతో బెజ్జాలు పొడిచి, సాలీడు పోగుతో కుట్టుకుంటోంది. ఆకులు కొమ్మకే ఉన్నాయి, పచ్చగానే ఉన్నాయి. పక్కనే నిలబడ్డా లోపల ఒక కాపురం ఉందని తెలియదు. వాగు గట్టున లకుముకి పిట్ట మట్టిని పొడిచి పొడిచి సొరంగం తవ్వింది. ఆ చిన్న ముక్కుతో అంత లోతు ఎలా తవ్విందో అతనికి అర్థం కాలేదు. ఎత్తైన చెట్టు తొర్రలో పెద్ద ముక్కు పిట్ట, ఆడది, లోపల కూర్చుని వాకిలి మూసేసుకుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుకుంది. మగది పళ్లు తెచ్చి ఆ సందులోంచి అందించి, మళ్లీ ఎగిరిపోతోంది. ఆ చెట్టు కింద చెన్నవీరయ్య పూటంతా నిలబడిపోయాడు.

వాగు మీదికి వంగిన ఈతచెట్టుకు నిరుటి గిజిగాడి గూళ్లు వేలాడుతున్నాయి. ఒకదాన్ని కోసి విప్పబోయాడు. ఏ పోచ ఎక్కడ మొదలై ఎక్కడ ముడిపడిందో అంతుపట్టలేదు. తన తాత దీన్ని చూస్తే ఉలి కింద పెట్టి దండం పెట్టేవాడు అనుకున్నాడు.

రోజూ పొద్దు వాలాక వచ్చి స్వామికి ఇవన్నీ చెప్పేవాడు. స్వామి కూడా మురిసిపోతూ వినేవాడు. లోపలున్న ఆ తల్లి పిట్టకు గాలి ఆడుతుందా అని అడిగేవాడు. సిద్ధలింగం మాత్రం నీడ జరిగిన కొద్దీ చాప లాక్కుంటూ, చెట్టు చుట్టూ జరుగుతున్నాడు. ఎవరినీ ఏమీ అనలేదు. ఒకసారి మాత్రం వాసాలు దొరికాయా అని అడిగాడు. ఇంకాస్త ఓపిక పట్టమనీ, కట్టేదేదో గిజిగాడు కట్టినట్టు కట్టాలనీ చెన్నవీరయ్య అతనికి నచ్చజెప్పాడు.

ఆ సాయంత్రం స్వామి అడిగాడు. "ఇన్ని చూశావు గదా వీరయ్యా. వీటిలో చేతగానిది ఏదీ లేదా?"

ఎందుకు లేదు, ఉందన్నాడు చెన్నవీరయ్య. గువ్వ నాలుగు పుల్లలు అడ్డం పెట్టి గూడు అనిపించుకుంటుంది, కింద నిలబడితే గుడ్లు కనిపిస్తాయి. దానికంటే అధ్వానం తీతువు. బండ మీద వట్టి రాళ్ల మధ్య గుడ్లు పెట్టేస్తుంది. ఒక గడ్డిపోచ కూడా పరవదు.

"దానికి ఇల్లు కట్టడమే తెలియదు స్వామీ."

స్వామి నవ్వాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం స్వామి, సిద్ధలింగం పక్కన నీళ్ల కుండ పెట్టి, చెన్నవీరయ్యను వెంట రమ్మన్నాడు. వాగు దాటి, చెట్టూ చేమా లేని బండ మీదికి తీసుకెళ్లాడు. చెన్నవీరయ్య అడుగు వేయబోతుంటే కర్ర అడ్డం పెట్టి ఆపాడు. వంగి చూస్తే, రాళ్ల మధ్య రాళ్లలాగే మచ్చలు మచ్చలుగా గుడ్లు.

"ఆ రాయి మీద చెయ్యి పెట్టు."

పెట్టీ పెట్టగానే చెన్నవీరయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పెనం మీద పెట్టినట్టుంది. ఈ గుడ్లు ఉడికిపోతాయని కంగారుపడి, చుట్టూ రాళ్లు నిలబెట్టి పైన పలక పరుద్దామని ఒక రాయి ఎత్తబోయాడు. స్వామి అతని మణికట్టు పట్టుకుని పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టాడు.

వాగు వైపు నుంచి తీతువు వచ్చింది. కాస్త దూరంలో వాలి, పొడుగు కాళ్లతో గబగబా నడిచి గుడ్ల దగ్గరికి చేరింది. దాని పొట్ట కింది ఈకలు తడిసి ముద్దయి ఉన్నాయి. ఒంటి నుంచి బొట్లు రాలుతున్నాయి. గుడ్ల మీద ఒకసారి కూర్చుని ఆ తడి వాటికి అద్దింది. తరవాత లేచి, ఎండకు అడ్డంగా రెక్కలు కాస్త విప్పి నిలబడింది. ముక్కు తెరిచి రొప్పుతోంది. దాని వీపు మీద ఎండ నిప్పులా పడుతోంది. గుడ్ల మీద మాత్రం అరచేతంత నీడ.

కాసేపటికి రెండోది వచ్చింది. అదీ తడిసే వచ్చింది. మొదటిది తప్పుకుని వాగు వైపు ఎగిరిపోయింది.

చెన్నవీరయ్య గొంతు తగ్గించి అడిగాడు. "స్వామీ, వీటి ఇల్లు ఏది?"

"ఇప్పుడే ఎగిరొచ్చి నిలబడింది గదా నాయనా."

చెన్నవీరయ్య లేచి, తలకు చుట్టిన పైపంచె విప్పుకుంటూ వాగులోకి దిగాడు.

ముఖం మీద చల్లగా బొట్టు పడితే సిద్ధలింగం కళ్లు తెరిచాడు. పైన తడిపంచె. దాని రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, ఎండకు వీపు పెట్టి చెన్నవీరయ్య నిలబడి ఉన్నాడు.

"పందిరి వేశావా వీరయ్యా?" అన్నాడు ముసలాయన, మగతలో.

చెన్నవీరయ్య చేతులు దించలేదు.