తలూపుడు బడి

నక్కకు మోకాళ్ళ నొప్పులొస్తే మేకలకు మంచిరోజులు వచ్చినట్టే అనుకుంటున్నారా? అయితే మీకు నక్క సంగతి తెలియదన్నమాట.

తేనెబండ కొండ కింద పెద్ద బీడు ఉంది. ఊళ్ళోని మేకలూ కోళ్ళూ పొద్దున్నే అక్కడికి మేతకొచ్చి, పొద్దు వాలేవేళకు ఇళ్ళకు పోతాయి. కొండమీద గుహలో ఒక ముసలి నక్క ఉండేది. ఒకప్పుడు అది కన్నేస్తే మేకపిల్ల మాయమయ్యేది. ఇప్పుడు నాలుగు అంగలు వేస్తే ఆయాసం, అయిదో అంగకు మోకాలు పట్టేస్తుంది. మేకపిల్లలు బండలెక్కి, "నక్క తాతా! రా, పట్టుకో!" అని వెక్కిరించేవి. నక్కకు ఆకలి కన్నా ఆ వెక్కిరింపే ఎక్కువ మండింది.

'పరిగెత్తి పట్టుకునే రోజులు పోయాయి. ఇక పిల్లలే నడిచి నా గుహలోకి రావాలి. అదీ వాళ్ళ అమ్మలు బొట్టు పెట్టి మరీ పంపాలి' అనుకుంది.

అలా ఎలా జరుగుతుందా అని బుర్ర గోక్కుంటుంటే, బీట్లోకి సింగన్న వచ్చాడు.

సింగన్న గంగిరెద్దు. ఊరూరా తిరిగి, గడపగడపకూ దణ్ణం పెట్టినవాడు. డోలు మోగి, "డూడూ బసవన్నా! ఔనా?" అని అడిగితే చాలు, తల కిందికీ పైకీ ఊగాల్సిందే. అమ్మగారు మహాలక్ష్మి, ఔనా? ఔను. అయ్యగారు ధర్మరాజు, ఔనా? ఔను. ఆ అయ్యగారు గుక్కెడు నీళ్ళు కూడా పొయ్యని పిసినారి అయినా సరే, ఔను. తలూపినప్పుడల్లా జనం ఒక అరటిపండు నోట్లో పెట్టేవాళ్ళు. ఆడించే ఎర్రయ్యకు నడుం వంగిపోయాక ఒకరోజు గజ్జెలు విప్పేసి, వీపు నిమిరి, "ఒరే సింగా, ఇన్నాళ్ళూ నేను చెప్పిన చోటికి వచ్చావు. ఇక నీకిష్టమొచ్చిన చోటికి పోరా నాయనా" అన్నాడు.

సింగన్న అక్కడే నిలబడిపోయాడు. కుడికి పొమ్మంటే పోగలడు, ఎడమకు పొమ్మంటే పోగలడు. ఇష్టమొచ్చిన చోటు ఏ దిక్కున ఉంటుందో ఎవరూ నేర్పలేదు పాపం. ఎండ నెత్తికొచ్చేదాకా అలాగే ఉండి, చివరికి దారిన పోతున్న మేకల వెనకాల నడిచి ఈ బీడుకు చేరాడు.

మేకలకు ఆయనంటే ఎంత గౌరవమో! "పట్నాలు చూసినవాడు. మనలాగా గడ్డి మేసి కాదు, చదువుతో బతికినవాడు" అని దారి ఇచ్చేవి.

నక్క ఇదంతా పొద మాటు నుంచి చూసింది. ఎండిన సొరబుర్ర ఒకటి సంపాదించింది. ఒక పుల్ల తీసుకుంది. తెల్లారగానే బీడు మధ్యకు వచ్చి, బుర్ర మీద డుబుకు డుబుకు వాయించి, "డూడూ బసవన్నా! ఈ నక్క మాంసం మానేసింది. ఔనా?" అంది.

సింగన్న తల ఊగింది.

"పిల్లలకు చదువు చెప్పడానికే కొండ దిగివచ్చింది. ఔనా?"

మళ్ళీ ఊగింది. నక్క అరటితోటలోంచి తెచ్చిన పండు ఒకటి ఆయన నోట్లో పెట్టింది. మేకలు నోళ్ళు వెళ్ళబెట్టాయి. "అంతటి చదువరే ఔనన్నాక మనం కాదనడానికి ఎవరం?" అనుకున్నాయి. గొర్రె కసాయివాణ్ణి నమ్మిందంటారు గానీ, మేకలు మాత్రం ఏం తక్కువ తిన్నాయి!

అలా బడి మొదలైంది. సింగన్న పెద్ద పంతులు, నక్క చిన్న పంతులు.

మేకల్లో కొండాలమ్మ అనే తల్లి ఉంది. దాని కూతురు బుడిగి. బండలెక్కడమే దానికి లోకం. నిట్టనిలువు బండయినా సరే, గిట్ట మోపడానికి బెత్తెడు చోటుంటే చాలు, పైకి పోయి చింతకొమ్మ అందుకునేది. ఏది చూసినా "ఎందుకమ్మా?" అని అడిగేది. కొండాలమ్మ దాన్ని అందరికంటే ముందు బడికి ఈడ్చుకొచ్చింది.

"నా బతుకు ముళ్ళకంపల పాలైంది పంతులుగారూ. నా కూతురైనా నాలుగిళ్ళల్లో గౌరవంగా బతకాలి. మీదే భారం" అంది.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా? మెడలు ఇప్పుడే వంచాలమ్మా. నాకొదిలెయ్యి" అంది నక్క. మెడల గురించి మాట్లాడుతుంటే దాని నోట్లో నీళ్ళూరాయి. గుటక వేసి దగ్గులాగా కప్పిపుచ్చుకుంది.

పాఠం ఒకటే. బుర్ర మోగితే తలూపాలి.

"ఆకాశం కింద ఉంది. ఔనా?" అడిగింది నక్క.

పిల్లలన్నీ తలూపాయి. బుడిగి మాత్రం, "ఆకాశం పైన కదండీ ఉంది?" అంది.

"ఎదురు ప్రశ్నా? పో, ఆ ముళ్ళకంప పక్కన ఒంటికాలి మీద నిలబడు!"

సాయంత్రం కొండాలమ్మ కూడా కూతుర్నే తిట్టింది. "పంతులుగారు కిందంటే కిందే. నీకెందుకే అన్నీ? ఇలాగైతే చదువెలా అబ్బుతుంది?"

తల ఊగని పిల్లల కోసం నక్క పాపం చాలా కష్టపడింది లెండి. ఎదురుగా కూర్చుని, బుర్ర వాయిస్తూ, ఔనా అన్నప్పుడల్లా తన తల కూడా ఊపి చూపించేది. రోజంతా అదే పని. ఊళ్ళోంచి పిల్లలతో మేతకొచ్చే సూరమ్మ అనే ముసలి కోడిపెట్ట అది చూసి కిసుక్కున నవ్వింది.

"ఏం పంతులూ, పిల్లల తలల కన్నా నీ తలే ముందు ఊగుతోందే!"

"గురువు చేసి చూపిస్తేనే కదమ్మా శిష్యులకు వచ్చేది. నీ పిల్లల్ని కూడా పంపు."

"నా పిల్లలకు గద్ద నీడ తెలిస్తే చాలు నాయనా. మిగతాది మట్టి చెబుతుంది" అని సూరమ్మ నేల కెలుక్కుంటూ వెళ్ళిపోయింది.

వానలు వెళ్ళేసరికి బుడిగి బళ్ళో మొదటిదైంది. బుర్ర మోగకముందే తలూపేది. కొండాలమ్మ మురిసిపోయింది. ఒకరోజు కూతుర్ని ముద్దుచేస్తూ, "పోవే, ఆ బండెక్కి రెండు చింతకొమ్మలు తిని రా" అంది.

బుడిగి బండ కేసి చూసింది. తల్లి కేసి చూసింది. "నాకు ఆకలేస్తోందా అమ్మా? ఔనా?" అని అడిగింది.

కొండాలమ్మ గుండె కలుక్కుమంది. చదవేస్తే ఉన్న మతి పోయినట్టు, ఆకలి కూడా అమ్మనే అడగాలా? కానీ బడిని తప్పుపట్టడానికి దానికి ధైర్యం చాల్లేదు. పెద్ద చదువుల్లో ఇలాగే ఉంటుందేమోలే అని సర్దిచెప్పుకుంది.

ఆ మధ్యాహ్నమే సూరమ్మ, సింగన్న పక్కన చేరి కబుర్లు మొదలుపెట్టింది. ఆయన ముందు అరటిపళ్ళు పడి ఉన్నాయి. ఒక్కోటీ నమిలి, కళ్ళు మూసుకుని, కష్టపడి మింగుతున్నాడు.

"సింగన్నా, నీకు అరటిపండంటే అంత ఇష్టమా?"

ఆయన తల ఊగింది.

"తల సంగతి నాకొద్దు. అదెవరడిగినా ఊగుతుంది. నోటితో చెప్పు."

సింగన్న చాలాసేపు ఆలోచించాడు. సూరమ్మ ఈలోగా రెండు పురుగులు తినేసింది.

"తెలీదు" అన్నాడు చివరికి. "ఎప్పుడూ పెట్టారు. ఎప్పుడూ తిన్నాను. ఇష్టమా అని ఎవరూ అడగలేదు సూరమ్మా."

"అయ్యో నా తండ్రీ!" సూరమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు. నీ జిహ్వకు ఏం కావాలో చూడు మరి. ఇంత బీడు ఉంది, ఎవడడ్డం?"

మర్నాటి నుంచి బడి వదిలాక సింగన్న బీడంతా తిరగడం మొదలుపెట్టాడు. గరిక కొరికాడు. బాగానే ఉంది. తుమ్మకాయ నమిలాడు, ఫరవాలేదు. వేపాకు ఉమ్మేశాడు. ఉమ్మేశాక తనే ఆశ్చర్యపోయి అటూ ఇటూ చూశాడు, ఎవరైనా కోప్పడతారేమోనని. ఎవరూ ఏమీ అనలేదు. ఒకరోజు గాలికి విరిగిపడ్డ చింతకొమ్మ కనిపించింది. లేత చిగురు. ఒక్కసారి నోరు పెట్టాడో లేదో, ఆ పులుపుకు చెవులు నిక్కబొడుచుకున్నాయి, తోక దానంతటదే లేచింది. దూడలాగా గంతేశాడు, అంత ఒళ్ళేసుకుని!

"సూరమ్మా! నాకిది ఇష్టం!" అని బీడంతా దద్దరిల్లేలా అరిచాడు. కాసేపటికి తల వంచుకుని మెల్లగా అన్నాడు, "నాకు అరటిపండు పడదు సూరమ్మా. ఎన్నడూ పడలేదు."

ఇక్కడ ఇలా ఉంటే, నక్క ఇక ఆగలేకపోయింది. బడి మొదలైనప్పటి నుంచీ వాగులోని ఎండ్రకాయలతో కడుపు నింపుకుంటోంది మరి. అందర్నీ పోగేసి చెప్పింది.

"మన బుడిగికి ఇక్కడి చదువు అయిపోయింది. పైచదువు కొండమీదుంది. నేనే స్వయంగా దగ్గరుండి తీసుకెళ్తాను. పెద్ద పంతులుగారు ఔనంటే ఇప్పుడే ప్రయాణం!"

కొండాలమ్మ కూతురి నుదుట బొట్టు పెట్టింది.

నక్క బుర్ర వాయించింది. "బుడిగీ, నాతో వస్తావు. ఔనా?"

బుడిగి తలూపింది. దాని కళ్ళు మాత్రం బండ మీదే ఉన్నాయి.

"డూడూ బసవన్నా! పిల్లను నాతో పంపాలి. ఔనా?"

డుబుకు డుబుకు మోగుతోంది. సింగన్న మెడ కదిలింది. ఆయన వద్దనుకున్నాడు, అయినా కదిలింది. ఎన్ని గడపల అలవాటో అది! తల సగం దాకా వంగింది. కింద నక్క ముందుగానే అరటిపండు పెట్టి ఉంచింది. ఆ వాసన ముక్కుకు కొట్టింది.

సింగన్న ఆగాడు.

"నాకొద్దు" అన్నాడు.

నక్క పుల్ల గాల్లోనే ఉండిపోయింది. "పండు వద్దా పంతులుగారూ? ఇంకోటి, మాగింది తెస్తాను."

"పండు వద్దు. నీ బడి వద్దు. పిల్లను పంపడమూ వద్దు."

"పెద్దాయనకు మతి తప్పింది!" నక్క గబుక్కున మేకల వైపు తిరిగింది. "పిల్ల భవిష్యత్తు పాడుచేస్తున్నాడు! కొండాలమ్మా, నువ్వు చెప్పు, పంపుతావా లేదా?"

కొండాలమ్మ అటు నక్కను, ఇటు ఎద్దును చూసి గిలగిల్లాడింది. ఎవరి మాట వినాలి? ఇద్దరూ పంతుళ్ళే!

పిల్లల కన్నా నక్క తలే ముందు ఊగుతోందని సూరమ్మ నవ్విన నవ్వు సింగన్నకు అప్పుడు గుర్తొచ్చింది. మెడకు పట్టిన చదువు ఎలాంటిదో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? సూరమ్మ చెవిలో ఏదో చెప్పాడు. సూరమ్మ ఒక్క ఎగురు ఎగిరి, నక్క చేతిలో నుంచి జారిన బుర్ర మీద వాలి, ముక్కుతో టకటకా వాయించింది. సింగన్న అచ్చం ఎర్రయ్యలాగా రాగం తీశాడు.

"డూడూ బసవన్నా! మీరు గొప్ప పంతులుగారు. ఔనా?"

నక్క తల ఊగింది.

"కొండమీది గుహ మీదే. ఔనా?"

ఊగింది. నక్క కంగారుపడి రెండు చేతులతో తల పట్టుకుంది. చేతులతో సహా తల ఊగింది.

"పైచదువు ఆ గుహలోనే. ఔనా?"

ఊగింది.

"బుడిగి మాంసం మీకు మహా ఇష్టం. ఔనా?"

సూరమ్మ వాయిస్తోంది, నక్క తల ఊగుతోంది, ఊగుతోంది, నోట్లోంచి చొంగ కూడా కారుతోంది. "కాదు కాదు!" అని నోరు అరుస్తుంటే "ఔను ఔను" అని తల చెబుతోంది.

"ఓరి నీ పంతులు మొహం మండా!" అని కొండాలమ్మ కొమ్ములు వంచింది. దాని వెనక మేకలన్నీ వంచాయి. నక్కకు మోకాళ్ళ నొప్పి ఏమైందో గానీ, కొండ అటువైపు దిగేదాకా వెనక్కి చూడలేదు. పారిపోతున్నంతసేపూ దాని తల ఊగుతూనే ఉంది.

కొండాలమ్మ బుడిగిని గుండెకు హత్తుకుని ఏడ్చింది. "నేనే పంపబోయాను తల్లీ, బొట్టు పెట్టి మరీ పంపబోయాను" అంది.

బుడిగి సింగన్న దగ్గరికి వచ్చింది. "తాతా, మరి ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"నాకేం తెలుసే?" సింగన్న నవ్వాడు. "నాకు చింతచిగురు ఇష్టమని తెలుసుకోవడానికే ముసలాణ్ణయ్యాను. నీ సంగతి నువ్వే చూసుకోవాలి."

బుడిగి చాలాసేపు నిలబడింది. అందరూ ఏదో ఒకటి చెప్పబోయారు గానీ సూరమ్మ ఊరుకోమంది. బుడిగి మెల్లగా బండ దగ్గరికి నడిచింది. ఒక గిట్ట మోపి చూసింది. ఇంకోటి మోపింది. పైదాకా పోయి, అక్కడి నుంచి "తాతా! చిగురు నీకూ పడేస్తున్నా, కావాలా?" అని అరిచింది.

సింగన్న తల ఊపలేదు. నోరారా, "కావాలి!" అన్నాడు.

నీతి: ఊగడం నేర్చిన తల ఎవరు వాయించినా ఊగుతుంది, నాకేం కావాలి అని నిన్ను నువ్వు అడిగిన రోజే అది నీ తల.