కొలువులో కారే చోటు

అనగనగా ఒక రాజుగారి కంప్యూటర్ మొరాయించింది. మరమ్మతులు చేసే గవరమ్మ చూసి, "హార్డ్ డిస్కులో కొన్ని చోట్లు చెడిపోయాయి ప్రభూ" అంది. వాటిలో ఉన్నదంతా మంచి చోటికి మార్చి, మళ్లీ అక్కడ ఏదీ రాయకుండా గుర్తు పెట్టింది. కంప్యూటర్ పరుగందుకుంది.

అందరూ మెచ్చుకుంటుంటే మంత్రికి కడుపు మండింది. "చెడిన చోట్లు అలాగే ఉన్నాయి! బాగుచేశానని బొంకింది. ఖైదులో వేయించండి ప్రభూ!"

గవరమ్మ కొలువంతా ఒకసారి కలయజూసింది. బయట జోరువాన.

"మంత్రిగారూ, రాజుగారి పక్కనుండే మీ ఆసనం ఇవాళ స్తంభం దగ్గరికి జరిగిందేమండీ?"

"అక్కడ కప్పు కారుతోంది. బిందె పెట్టించాను, కనబడటం లేదా?"

"మరి కొలువు ఆగలేదు కదండీ! నేనూ డిస్కులో అదే చేశాను."

రాజు పకపకా నవ్వాడు. "అయితే మంత్రీ, ఖైదులో మీ ఇద్దరికీ పక్కపక్క గదులే!"

బిందెలో మరో చుక్క టప్పున పడింది.