పారుపత్తేదారు విస్తరి

పూర్వం ఒక రాజుగారికి గోధుమ పాయసమంటే ప్రాణం. అందుకని గోధుమ పండిన చేలో ఏటా గోధుమే వేయాలని ఆ సీమ వ్యవహారాలు చూసే అధికారి, పారుపత్తేదారు భూపాలయ్య దండోరా వేయించాడు. వానే దిక్కైన ఆ మెట్ట చేలకు వేరుకుళ్లు తెగులు పట్టి, మూడేళ్లుగా వెన్నులన్నీ తాలే.

"ఈ ఏడు శనగ వేసుకోనివ్వండి దొరా! తెగులు పాత మొదళ్లలోనే కాచుకుని ఉంది," అని రైతు సుంకమ్మ మొత్తుకుంది.

"విత్తనం కొత్తదే ఇస్తున్నాను కదా, ఇంకేం ఏడుపు?" అని కసిరాడు భూపాలయ్య.

సుంకమ్మకు కడుపు మండిపోయింది.

విత్తనాల వేళ ఊరికొచ్చిన అధికారికి రోజుకో ఇంట్లో భోజనం. వంతు ఇల్లు దాటి ఆయన మరో ఇంట ముద్ద ముట్టకూడదు. ఆనాటి వంతు సుంకమ్మది. మధ్యాహ్నం భూపాలయ్య సుష్టుగా తిని లేచాడు. పొద్దుగూకాక ఆకలితో మళ్లీ పీట మీద కూర్చుంటే, ఎదురుగా మధ్యాహ్నం తాను తిన్న విస్తరే ఉంది. మెతుకులు ఎండి అట్టకట్టిన ఆ ఆకులోనే సుంకమ్మ వేడి వేడి పాయసం వడ్డించబోయింది.

"ఛీ! ఎంగిలాకులో వడ్డిస్తావా? ఒళ్లు కొవ్వెక్కిందా?" అని ఎగిరి లేచాడు.

"పాయసం కొత్తదే కదా దొరా, ఇంకేం ఏడుపు?" అంది సుంకమ్మ. "మీ ఎంగిలిలో మీరే ఒక్క పూట తినలేకపోయారు. తెగులు ఎంగిలిలో మా నేల మూడేళ్లుగా తింటోంది!"

కేకలు విని పోగైన ఊరంతా గుమ్మంలో నిలబడి చూస్తోంది. భూపాలయ్య తల దించుకుని, "సరే, శనగే వేసుకోండి," అని గొణిగాడు.

"ఆ మాట దండోరా వేయించండి," అంది సుంకమ్మ. "అందాకా ఆకు మార్చను."