గీకేసిన గుర్తు

ఈ కథ మొదట చెప్పింది పసరు మందులు నూరే పోలమ్మ. తర్వాత చెప్పినవాళ్ళు ముంగిసను దొంగవైద్యుణ్ణి చేశారు. అసలు జరిగింది ఇది.

అడవిలో వైద్యుల సంఘం ఉండేది. దానికి పెద్ద, కుడికాలికి ఒక వేలు లేని నక్క. ఏడాదికో తేనెపట్టు చందా కడితేనే వైద్యుడి గుర్తు ఏటిబండ మీద ఉంటుంది. రోగి వచ్చినప్పుడల్లా వాకిట్లో తడిమట్టి మీద అడుగు వేయించాలి. ఏడాది చివర నక్క ఆ అడుగులు చూసి తనిఖీ చేసేది.

ఆ ఏడు కొంగ వాకిట్లో నూరు అడుగులు. ముంగిస వాకిట్లో తొమ్మిది.

"ఏం మావా, నీ గుమ్మం ఎవరూ తొక్కట్లేదే?" అంది నక్క.

"వచ్చినవాళ్ళకు నయమైంది అల్లుడూ. మళ్ళీ ఎందుకొస్తారు?"

"కొంగక్క దగ్గరికి కుందేలొక్కటే ఇరవైసార్లు వచ్చింది. నమ్మకమంటే అదీ!"

నక్క తేనెపట్టు మాత్రం తీసుకుంది. బండమీద ముంగిస గుర్తును గోటితో గీకేసింది. "ఇక మందు వేశావో, అడవి దాటిస్తాం."

మూడు తరాల రోగులను చూసిన చెయ్యి ముంగిసది. ఊరికే ఉండమంటే ఉంటుందా? రోజూ పొద్దున్నే వేరు కడిగి, నూరే రాయి తుడిచి, వాకిట్లో మట్టి తడిపి కూర్చునేది. ఎండుటాకు కదిలితే తలెత్తేది. గాలే. ఒక్క రోగి వచ్చి "మావా" అంటే చాలనిపించేది. సాయంత్రం ఏటిబండ దగ్గరికెళ్ళి, గీకేసిన చోటును ముక్కుతో తడిమి వచ్చేది.

వానలకు ముందు నక్క కాలికి ముల్లు దిగి చీము పట్టింది. కొంగ దగ్గరికి పదకొండుసార్లు తిరిగింది. కాలు గుమ్మడికాయంత అయింది. చివరికి పొదల చాటున ముంగిస దగ్గరికొచ్చింది.

"మావా, కాలు పోయేలా ఉంది. ఎవరితో అనకు."

ఎన్నాళ్ళకో రోగి! పసరు వైపు పోతున్న చేతుల్ని ముంగిస బలవంతాన ఆపుకుంది.

"ముందు మట్టిలో అడుగెయ్యి."

"నేను కూడానా?"

"నువ్వు పెట్టిన రూలే."

నొప్పి తాళలేక నక్క అడుగేసింది. ముంగిస ముల్లు లాగి పసరు పిండింది. మూడోనాటికి నక్క పరుగెత్తింది. మళ్ళీ అటు రాలేదు.

తనిఖీనాడు ముంగిస ఆ అడుగున్న మట్టిపెళ్ళను బండ దగ్గరికి మోసుకొచ్చింది.

"గుర్తు లేనివాడివి, మందు వేశావా?" అని నక్క అరిచింది.

"వేశాను. ఎవరికో చూడు."

అందరూ వంగి చూశారు. వేలు లేని అడుగు, ఒక్కటే. తనిఖీకి కొంగ తెచ్చిన మట్టిలో అలాంటివే పదకొండు.

"నక్క బావా," అంది కుందేలు, "కొంగక్క మీద పదకొండుసార్ల నమ్మకముందే! మరి కాలు బాగయింది ఎక్కడ?"

అడవంతా నవ్వింది. నక్క తోక ముడిచి పోయింది. పెద్దరికమూ పోయింది.

మళ్ళీ రాని రోగే మంచి వైద్యుడికి సాక్షి.

బండమీద గుర్తు మాత్రం ఎవరూ తిరిగి చెక్కలేదు. ముంగిస ఇంకా సాయంత్రాలు వెళ్ళి చూసొస్తూనే ఉంది. ఈ కథ చెప్పేవాళ్ళెవరైనా సరే, ఆ దొంగ అన్న మాట కొట్టేసి, దాని గుర్తు దానికి చెక్కండి.